లైనక్స్ ఇంటికి వైర్‌లెస్ ప్రింట్ సర్వర్: ఏ పెట్టె తీసుకోవాలి?

#1 | కాగితంపడవ | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు.

ఇంట్లో మూడు కంప్యూటర్లు. నా డెస్క్‌టాప్‌లో డెబియన్, మా ఆవిడ ల్యాప్‌టాప్‌లో ఫెడోరా, నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో మింట్. విండోస్ ఎక్కడా లేదు. ప్రింటర్ పాత బ్లాక్ అండ్ వైట్ లేజర్. యూఎస్‌బీ పోర్టు ఒక్కటే ఉంది, నెట్‌వర్కూ లేదు, వైఫై లేదు. ఇన్నాళ్ళూ నా డెస్క్‌టాప్‌కి తగిలించి కప్స్‌లో (లైనక్స్‌లో ప్రింట్ పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్) షేర్ చేశా. ఇబ్బందల్లా ఎవరికి ఒక్క కాగితం కావాలన్నా నా మెషీన్ ఆన్‌లో ఉండాలి. నేను బయట ఉన్నప్పుడు నాన్నగారు ఫోన్ చేసి "నీ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏంట్రా" అంటారు.

అందుకని వైర్‌లెస్ ప్రింట్ సర్వర్ (యూఎస్‌బీ ప్రింటర్‌ని వైఫైకి కలిపే చిన్న పెట్టె) చూస్తున్నా. రెండు రకాల పెట్టెలు కనబడ్డాయి. ఒకదాని మీద "ఎల్‌పీఆర్, రా 9100, ఐపీపీ" అని రాసి ఉంది. ఇంకోదాని మీద "అన్ని ఆల్ ఇన్ వన్ ప్రింటర్లకూ పనిచేస్తుంది, స్కాన్ కూడా చేసుకోవచ్చు, సీడీలోని సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయండి" అని ఉంది. రెండోది చూడ్డానికి బాగుంది. ఏది తీసుకోమంటారు?

#2 | డెమన్‌దాసు | శనివారం రాత్రి 10:15

మోడల్ చెప్పకుండా ప్రింటర్ గురించి అడగడమంటే, నాడి చూపించకుండా మందు రాయమన్నట్టే :) సరే, ముందు పెట్టెల సంగతి చెప్తా.

రెండోది వద్దు. స్కాన్ కూడా అవుతుందని ఊరిస్తోంది కదా, అది నిజానికి చేసేది యూఎస్‌బీ తీగని నెట్‌వర్క్ మీదుగా సాగదీయడం. ఆ తీగ రెండో కొస కనబడాలంటే మీ కంప్యూటర్లో వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఉండాలి. అది విండోస్‌కి ఇస్తారు, మ్యాక్‌కి ఇస్తారు. మనకి ఇవ్వరు. ఇచ్చినా ఏదో పాత కెర్నెల్‌కి కట్టిన బైనరీ అయ్యుంటుంది, ఒక్క అప్‌డేట్‌తో దాని పని అయిపోతుంది. పైగా అలాంటివాటిలో ఒకరు కనెక్ట్ నొక్కి పట్టుకుంటే, వాళ్ళు వదిలేదాకా మిగతావాళ్ళు చూస్తూ కూర్చోవాలి.

మొదటి రకం మనవాళ్ళకి అచ్చొచ్చిన రకం. దాని మీద రాసినవి మూడూ నెట్‌వర్క్ మీదుగా ప్రింటర్‌కి డేటా పంపే పద్ధతులు. రా 9100 అంటే అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 9100 పోర్టుకి టీసీపీ కనెక్షన్ తెరువు, బైట్లు పోయి, మూసెయ్. ఎల్‌పీఆర్ ఇంకా పాతది, 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1179లో రాసిపెట్టి ఉంది. దాంతో చిక్కేంటంటే క్యూ పేరు ఇవ్వాలి. ఒక పెట్టెలో అది ఎల్‌పీ1, ఇంకోదాంట్లో ఎల్1. పేరు తప్పితే కొన్ని పెట్టెలు కిక్కురుమనకుండా జాబ్‌ని మింగేస్తాయి. ఐపీపీ 631 పోర్టు మీద నడుస్తుంది, మూడింట్లో తెలివైనది అదే. కాకపోతే చౌక పెట్టెల్లో ఐపీపీ అని రాసి ఉన్నా లోపల అరకొరగానే ఉంటుంది. కాబట్టి 9100 ఉందో లేదో చూసుకుని తీసుకోండి.

#3 | నెట్‌నాని | శనివారం రాత్రి 10:31

+1. నా దగ్గర రా 9100 పెట్టె ఏడేళ్ళుగా నడుస్తోంది. దాన్ని పెట్టిన చోటే మర్చిపోయా. ప్రింటర్ పోస్ట్‌స్క్రిప్ట్‌ది.

#4 | సిరాచుక్క | శనివారం రాత్రి 11:20

నాని చివర్లో ఒక మాట అన్నాడు చూడండి, "ప్రింటర్ పోస్ట్‌స్క్రిప్ట్‌ది" అని. అసలు కథంతా అందులోనే ఉంది. పెట్టె ఏడేళ్ళు నడిచిందంటే ఆ ఘనత పెట్టెది కాదు, ప్రింటర్‌ది.

కాగితంపడవ గారూ, ఏ పెట్టె అని అడిగే ముందు మీ ప్రింటర్ ఏ భాష మాట్లాడుతుందో చూడండి. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ తెలిసిన ప్రింటర్లకి బుర్ర ఉంటుంది. పేజీలో ఏముందో చెబితే బొమ్మ అవే గీసుకుంటాయి. వాటికి ఏ పెట్టె తగిలించినా చాలు. ఇంక్‌జెట్లలో చాలావాటికి గుటెన్‌ప్రింట్ లాంటి డ్రైవర్ మీ కంప్యూటర్లోనే చుక్కలన్నీ లెక్కగట్టి పంపుతుంది, పెట్టె వాటిని దాటిస్తుంది. ఇదీ ఫర్వాలేదు.

ఇక మూడో జాతి ఉంది, విన్‌ప్రింటర్ అంటాం. చౌకగా చేయడానికి ప్రింటర్లోంచి బుర్ర తీసేసి ఆ పనంతా కంప్యూటర్ నెత్తిన పెట్టారు. వీటిలో కొన్నింటికి డేటా ఒకవైపు పోస్తే సరిపోదు, మాటకి మాట బదులు చెప్పే కంప్యూటర్ ఉండాలి. కానన్ క్యాప్ట్ పద్ధతి ప్రింటర్లు అలాంటివే. ఉత్త 9100 పెట్టెలు చాలావరకు ఒకవైపే మాట్లాడతాయి కాబట్టి ఆ ప్రింటర్ల దగ్గర అవి మూగవి. ఇంకొన్ని అంతకంటే విచిత్రం, ఆన్ చేసిన ప్రతిసారీ వాటికి ఫర్మ్‌వేర్ (ప్రింటర్‌ని లోపల్నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) తినిపించాలి.

మీ డెస్క్‌టాప్‌లో కప్స్ పేజీ తెరిచి, ప్రింటర్ వివరాల్లో డ్రైవర్ పక్కన ఏం రాసుందో ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి.

#5 | కాగితంపడవ | ఆదివారం ఉదయం 8:05

సిరాచుక్క గారూ, డ్రైవర్ పక్కన ఫూ2జెడ్‌జేఎస్ అని ఉంది.

ఇంకో సంగతి నిన్న రాయలేదు, కాస్త సిగ్గేసింది. కొలీగ్ దగ్గర వాడకుండా పడున్న పెట్టె ఒకటి (మొదటి రకమే, 9100 ఉంది) శుక్రవారమే తెచ్చి తగిలించా. కంపెనీ పేరు అనవసరం. వైఫైకి కలిసింది, ఐపీ వచ్చింది, కప్స్‌లో సాకెట్ అడ్రస్ ఇచ్చి క్యూ కట్టా. ప్రింట్ కొడితే కప్స్‌లో "కంప్లీటెడ్" అని చూపిస్తోంది. ప్రింటర్ మాత్రం ఉలకదు పలకదు. ఎర్రర్ లైటు కూడా వెలగదు. ఎటూ కదలడం లేదని నాలుగైదు టెస్ట్ పేజీలు కొట్టా, అన్నీ కంప్లీటెడే. ఫెడోరా నుంచి కొట్టినవి మాత్రం క్యూలో అలాగే ఉండిపోయాయి. ఎందుకో తెలీదు.

పెట్టె పాడైందనుకుని వేరేది కొందామని ఈ దారం (థ్రెడ్) మొదలెట్టా.

#6 | డెమన్‌దాసు | ఆదివారం ఉదయం 8:40

అదీ సంగతి. రోగి మందులన్నీ వాడేశాక డాక్టర్ దగ్గరికి వచ్చాడు.

#7 | సిరాచుక్క | ఆదివారం ఉదయం 9:12

పెట్టె బాగానే ఉందండీ. మీ ప్రింటర్ ఆ ఫర్మ్‌వేర్ జాతిది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1018, 1020 లాంటివి ఈ కుటుంబమే. వీటిలో ఫర్మ్‌వేర్‌ని శాశ్వతంగా దాచుకునే చోటు లేదు. స్విచ్ వేయగానే ఖాళీ బుర్రతో లేస్తాయి. కంప్యూటర్‌కి నేరుగా తగిలించి ఉంటే, యూఎస్‌బీలో ప్రింటర్ కనబడిన క్షణమే యూడెవ్ రూల్ (పరికరం తగలగానే ఏం చేయాలో లైనక్స్‌కి చెప్పే సూచన) ఒకటి ఫర్మ్‌వేర్ ఫైలుని పంపేస్తుంది. మీ డెస్క్‌టాప్‌లో ఇన్నేళ్ళూ జరిగింది అదే, మీకు తెలియకుండా జరిగిపోయింది. పెట్టెకి ఆ సంగతి తెలీదు కదా.

మరి "కంప్లీటెడ్" అని ఎందుకు చూపించిందంటారా? 9100లో కప్స్‌కి తెలిసేది తను పోసిన బైట్లని అవతలివాడు పట్టుకున్నాడని మాత్రమే. కాగితం బయటికొచ్చిందో లేదో చెప్పే నాథుడు అక్కడ లేడు. ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేసి చేరిందనుకోవడం లాంటిది.

ఒక చిట్కా ఉంది, సరదాగా చేసి చూడండి. మీ డెబియన్‌లో డీఎల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో ఆ ఫర్మ్‌వేర్ ఫైలు ఉంటుంది. ప్రింటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, పది సెకన్లు ఆగి, నెట్‌క్యాట్‌తో (నెట్‌వర్క్ మీదుగా డేటా పంపే చిన్న కమాండ్) ఆ ఫైలుని పెట్టె ఐపీకి 9100 పోర్టు మీద పంపండి. పెట్టెకి ఫర్మ్‌వేరైనా ప్రింటైనా ఒకటే, వచ్చింది వచ్చినట్టు యూఎస్‌బీలోకి తోసేస్తుంది.

#8 | కాగితంపడవ | ఆదివారం ఉదయం 10:02

అక్కా!! (అక్కా అంటున్నా, ఏమనుకోకండి.)

నెట్‌క్యాట్ కొట్టాక రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత లోపల రోలర్లు గిర్రున తిరిగి ఆగాయి. రోజూ వినే శబ్దమే, ఈరోజు దానికి అర్థం తెలిసింది. తర్వాత టెస్ట్ పేజీ కొడితే వచ్చేసింది! మూడు రోజుల్లో మొదటి కాగితం.

#9 | నెట్‌నాని | ఆదివారం ఉదయం 10:10

సమస్య తీరింది, దారం మూసేయొచ్చు :)

#10 | కాగితంపడవ | సోమవారం ఉదయం 7:30

మూయకండి. రాత్రి పడుకునే ముందు అమ్మ అన్ని స్విచ్‌లూ ఆపేస్తుంది, ప్రింటర్‌తో సహా. పొద్దున నాన్నగారు ప్రింట్ కొట్టారు. కంప్లీటెడ్. కాగితం లేదు. ఆయన్ని టెర్మినల్ తెరిచి నెట్‌క్యాట్ కొట్టమని నేను చెప్పలేను కదా.

#11 | డెమన్‌దాసు | సోమవారం ఉదయం 9:15

అయితే పెట్టెల మాట వదిలేయండి. మీ ప్రింటర్ పక్కన ఒక చిన్న కంప్యూటర్ ఉండాల్సిందే. రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ తీసుకోండి. 2021లో వచ్చింది, నాలుగు కోర్లు, 512 ఎంబీ ర్యామ్, వైఫై లోపలే ఉంది. అందులో డెస్క్‌టాప్ లేని ఓఎస్ వేసి, కప్స్, ఫూ2జెడ్‌జేఎస్, అవాహీ (ప్రింటర్ ఇక్కడుందని నెట్‌వర్క్‌లో చాటే సాఫ్ట్‌వేర్) పెట్టండి. ప్రింటర్ ఆన్ అవగానే బోర్డే ఫర్మ్‌వేర్ పంపుతుంది. ఫర్మ్‌వేర్ ఫైలు ప్యాకేజీతో రాదు, మీ డెబియన్ నుంచే కాపీ చేసుకోండి.

ఇంట్లో పాత జీరో డబ్ల్యూ (2017ది, ఒకే కోర్) ఉందని దాంతో సరిపెట్టుకోవద్దు. నేను చేశా. ఉత్తరాలు, ఫారాలు బాగానే వస్తాయి. ఫొటోలున్న పీడీఎఫ్ ఇస్తే గోస్ట్‌స్క్రిప్ట్ (పేజీని చుక్కలుగా మార్చే ప్రోగ్రాం) దాన్ని నమిలి నమిలి వదిలేసరికి మనిషి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతాడు.

#12 | పాతసామాను | సోమవారం ఉదయం 10:50

ఒక్క కాగితం కోసం ఇంకో కంప్యూటరా? మీ రూటర్‌కి యూఎస్‌బీ పోర్టు ఉందా? ఉంటే, అది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లలో వేసుకునే లైనక్స్) జాబితాలో ఉంటే, అంతకంటే ఏమీ కొనక్కర్లేదు. పీ910ఎన్‌డీ అని చిన్న డెమన్ (వెనకాల నడిచే ప్రోగ్రాం) ఉంది. డిస్క్ మీద ఏమీ దాచుకోదు, 9100 మీద వచ్చింది వచ్చినట్టు ప్రింటర్‌కి పోస్తుంది. కెర్నెల్ యూఎస్‌బీ ప్రింటర్ మాడ్యూల్, ఈ డెమన్, అంతే. ఫర్మ్‌వేర్ కోసం హాట్‌ప్లగ్ ఫోల్డర్లో నాలుగు లైన్ల స్క్రిప్టు. ప్రింటర్ తగలగానే డీఎల్ ఫైలుని ఎల్‌పీ0 డివైస్‌లోకి క్యాట్ చేస్తుంది. నా రూటర్లో ఇదే నడుస్తోంది. అది ఎలాగూ ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లోనే ఉంటుంది.

#13 | డెమన్‌దాసు | సోమవారం ఉదయం 11:05

> ఒక్క కాగితం కోసం ఇంకో కంప్యూటరా?

అన్నా, నీ పద్ధతిలో డ్రైవర్ మూడు కంప్యూటర్లలోనూ ఉండాలి. ఫోన్లకైతే ప్రింటరే కనబడదు. ఫోన్ 9100కి ఫూ2జెడ్‌జేఎస్ భాషలో పంపలేదు కదా. పైగా ఆయన రూటర్ ఏ గదిలో ఉందో, ప్రింటర్ ఏ గదిలో ఉందో.

#14 | పాతసామాను | సోమవారం ఉదయం 11:12

ఫోన్లలోంచి ప్రింటేంటి తమ్ముడూ, అసలు అవసరమా?

#15 | కాగితంపడవ | సోమవారం మధ్యాహ్నం 1:20

అవసరమే అన్నా. మా ఆవిడకి సగం కాగితాలు ఫోన్లోకే వస్తాయి. రూటర్ హాల్లో ఉంది, ప్రింటర్ నాన్నగారి గదిలో.

#16 | మూగకీబోర్డు | సోమవారం మధ్యాహ్నం 2:45

ఎవరూ అనని మాట నేను అంటా. ఈ ప్రింటర్‌ని సాగనంపండి. డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే పద్ధతులున్నాయి: ఎయిర్‌ప్రింట్ 2010లో వచ్చింది, ఐపీపీ ఎవ్రీవేర్ 2013లో. ఇప్పుడు వైఫై ఉన్న కొత్త ప్రింటర్లలో చాలావాటికి లైనక్స్‌లో డ్రైవరే అక్కర్లేదు. ఆన్ చేస్తే కప్స్‌లో కనబడుతుంది. పాత పీపీడీ డ్రైవర్లని (ప్రింటర్ వివరాల ఫైలు మీద ఆధారపడేవి) కప్స్ 3.0లో తీసేస్తామని వాళ్ళు ఎప్పట్నుంచో చెబుతున్నారు. ఫూ2జెడ్‌జేఎస్ సరిగ్గా అలాంటి డ్రైవరే. పోయే రైలెక్కి సీటు కోసం కొట్టుకోవడం ఎందుకు?

#17 | సిరాచుక్క | సోమవారం సాయంత్రం 6:30

మూగకీబోర్డు, కొత్తగా కొనేవాళ్ళకి నీ సలహా నూటికి నూరుపాళ్ళు సరైంది. కానీ ఆ లేజర్ ఇంకా పదేళ్ళు తిరిగే రకం. బాగున్న యంత్రాన్ని చెత్తలో వేయమని నా నోటితో నేను చెప్పను.

నువ్వన్న పీపీడీ భయమే నాకు ఇంకోలా కనబడుతోంది. డ్రైవర్ మూడు కంప్యూటర్లలో ఉంటే, డిస్ట్రో మారినప్పుడల్లా మూడు చోట్ల ఏడవాలి. అదే చిన్న బోర్డులో ఉంటే పాత డ్రైవర్ ఆ ఒక్క చోట బందీ అవుతుంది. బోర్డు బయటి ప్రపంచానికి మాత్రం ఐపీపీ మాట్లాడుతుంది. డెబియన్, ఫెడోరా, మింట్, ఫోన్లు అన్నిటికీ అది డ్రైవర్ అక్కర్లేని కొత్త ప్రింటర్‌లాగే కనబడుతుంది. రేపు కప్స్ 3 వచ్చినా, బోర్డులో పాత వెర్షన్ అలాగే ఉంచుకోవచ్చు, లేదా అదే డ్రైవర్‌ని ప్రింటర్ అప్లికేషన్‌గా (పాత డ్రైవర్‌ని లోపల పెట్టుకుని బయటికి ఐపీపీ ప్రింటర్‌లా కనబడే ప్రోగ్రాం) చుట్టుకోవచ్చు. అందుకే నా ఓటు దాసుకే. పాతసామాను గారి పద్ధతి పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్‌కైతే బ్రహ్మాండం.

పడవ గారూ, ఇది చేస్తే ఒకటి గుర్తుంచుకోండి. డ్రైవర్ బోర్డులో మాత్రమే. మిగతా కంప్యూటర్లలో క్యూ కట్టేటప్పుడు డ్రైవర్ అడిగితే "ఐపీపీ ఎవ్రీవేర్" లేదా "డ్రైవర్‌లెస్" అనేది ఎంచుకోండి. ఫూ2జెడ్‌జేఎస్ కనబడింది కదా అని రెండు వైపులా పెడితే, ఒకసారి వండిన దాన్ని మళ్ళీ వండినట్టు అవుతుంది.

#18 | ఎక్స్‌86 | సోమవారం రాత్రి 8:00

రాస్ప్‌బెర్రీ అనేముందు ఇది చదివే మిగతావాళ్ళకి ఒక హెచ్చరిక. కొన్ని కంపెనీలు ఇచ్చే లైనక్స్ డ్రైవర్లు ఇంటెల్ రకం ప్రాసెసర్లకే కట్టిన బైనరీలు. ఆర్మ్ బోర్డు మీద అవి అడుగు కూడా వేయవు. బ్రదర్ లేజర్లకైతే బీఆర్‌లేజర్ అనే ఓపెన్ డ్రైవర్ ఉంది, కానన్ క్యాప్ట్‌కి క్యాప్ట్‌డ్రైవర్ ఉంది, ఈ రెండూ ఆర్మ్ మీద కంపైల్ అవుతాయి. మీ మోడల్‌కి ఓపెన్ డ్రైవర్ ఉందో లేదో ఓపెన్‌ప్రింటింగ్ జాబితాలో చూసుకున్నాకే బోర్డు కొనండి. లేదంటే మూల పడున్న పాత ల్యాప్‌టాప్‌ని మూత మూసి వాడుకోండి. దానికి బ్యాటరీ కూడా ఉంటుంది, యూపీఎస్ అనుకోవచ్చు.

#19 | గోనెసంచి | సోమవారం రాత్రి 9:25

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పుట్టిందే ఒక ప్రింటర్ గొడవలో అని మర్చిపోకండి. ఎంఐటీ ల్యాబులో జిరాక్స్ లేజర్ ప్రింటర్‌కి సోర్స్ కోడ్ ఇవ్వలేదని స్టాల్‌మన్‌కి కాలింది, 1983లో గ్నూ ప్రకటించాడు. నలభై ఏళ్ళ తర్వాత మనం ఇంకా ప్రింటర్‌కి ఫర్మ్‌వేర్ తినిపిస్తున్నాం.

#20 | గోనెసంచి | సోమవారం రాత్రి 9:27

పనిలో పని, ఆల్ ఇన్ వన్ ఉన్నవాళ్ళకి ఈ బోర్డుతో స్కాన్ అవుతుందా?

#21 | ఎక్స్‌86 | సోమవారం రాత్రి 9:41

సేన్‌కి (లైనక్స్‌లో స్కానర్లని నడిపే సాఫ్ట్‌వేర్) ఆ స్కానర్ తెలిస్తే అవుతుంది. దాని సర్వర్ సేన్‌డీ 6566 పోర్టు మీద పంచుతుంది. ఎయిర్‌సేన్ పెడితే ఫోన్లకి కూడా స్కానర్ కనబడుతుంది. మిగతాది వేరే దారంలో.

#22 | నెట్‌నాని | మంగళవారం ఉదయం 7:50

అందరూ డ్రైవర్ల గురించే మాట్లాడారు, గాలి గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రింట్ రాలేదని నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ వైఫైవే.

జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. రూటర్లో 5 ఒక్కటే ఉంచి రెండోది ఆపేశారేమో చూడండి. వైఫై భద్రతలో డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2/3 మిశ్రమానికి మార్చండి. పాత ప్రింట్ సర్వర్ పెట్టెల్లో కొన్నింటికి డబ్ల్యూఈపీ (తేలిగ్గా విరిగే పాత వైఫై తాళం) తప్ప ఏమీ తెలీదు. వాటి కోసం ఇంటి వైఫై తాళం తీసి పెట్టకండి, పెట్టెనే పక్కన పడేయండి.

రూటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ ఇచ్చి బోర్డుకి ఒకే ఐపీ ఉండేలా చేయండి. బోర్డులో వైఫై పవర్ సేవ్ ఆపేయండి (ఐడబ్ల్యూ కమాండ్‌తో). లేకపోతే కాసేపు ఎవరూ పలకరించకపోతే కునుకు తీస్తుంది, మొదటి ప్రింట్‌కి "ప్రింటర్ దొరకలేదు" అంటుంది, రెండోదానికి లేస్తుంది. ఇంట్లోవాళ్ళు దానికి దయ్యం పట్టిందంటారు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యం. ప్రింటర్ దానంతటది కనబడాలంటే ఎండీఎన్‌ఎస్ ప్యాకెట్లు (నేనిక్కడున్నానని పరికరాలు చాటుకునే సందేశాలు; 5353 పోర్టు, 224.0.0.251) ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి వెళ్ళాలి. రూటర్లో "ఏపీ ఐసోలేషన్" (వైఫై పరికరాల్ని ఒకదానికొకటి కనబడకుండా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే వెళ్ళవు. గెస్ట్ వైఫైలో ఇది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది.

#23 | మూగకీబోర్డు | మంగళవారం ఉదయం 8:30

631 పోర్టుని రూటర్లో బయటికి ఫార్వర్డ్ చేయకండి, ఆఫీసు నుంచి ఇంటికి ప్రింట్ కొట్టాలన్న సరదా ఉన్నా సరే. 2024 సెప్టెంబరులో బయటపడిన కప్స్ లోపం గుర్తుందా (సీవీఈ-2024-47176, దాంతోపాటు ఇంకో మూడు)? కప్స్-బ్రౌజ్డ్ అనే సర్వీసు యూడీపీ 631 మీద ఎవరేం పంపినా నమ్మేది. బయటివాడు దొంగ ప్రింటర్‌ని మన జాబితాలో పెట్టి, మనం దానికి ప్రింట్ కొట్టగానే తన కమాండ్ నడిపించుకోవచ్చు. అప్‌డేట్లు వచ్చేశాయి. అయినా ప్రింటర్‌ని పంచే బోర్డులో కప్స్-బ్రౌజ్డ్ అవసరమే లేదు, తీసేయండి. పంచడానికి కప్స్, అవాహీ చాలు.

#24 | కాగితంపడవ | శనివారం మధ్యాహ్నం 3:10

జీరో 2 డబ్ల్యూ వచ్చింది, ఓటీజీ తీగ కూడా. ఓఎస్ వేశా, వైఫైకి కలిసింది, కప్స్ వచ్చింది. కానీ ఎల్ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీకి తగిలినవి చూపించే కమాండ్) కొడితే ప్రింటర్ లేదు! తీగ మార్చా, ప్రింటర్ ఆపి వేశా. లేదు.

#25 | డెమన్‌దాసు | శనివారం మధ్యాహ్నం 3:14

బోర్డు మీద రెండు చిన్న యూఎస్‌బీ పోర్టులు పక్కపక్కనే ఉంటాయి. అంచు వైపుది కరెంటుకి, మధ్య వైపుది డేటాకి. ఏది దేంట్లో పెట్టారు?

#26 | కాగితంపడవ | శనివారం మధ్యాహ్నం 3:19

...

ప్రింటర్ వచ్చింది.

#27 | డెమన్‌దాసు | శనివారం మధ్యాహ్నం 3:20

మేమంతా ఒకసారి అక్కడ పడి లేచినవాళ్ళమే.

#28 | పాతసామాను | శనివారం సాయంత్రం 4:45

మీ అమ్మగారు స్విచ్ ఆపేస్తారన్నారు కదా, బోర్డుని ప్రింటర్ ఉన్న ప్లగ్గులోనే పెట్టకండి. అలా టపీమని కరెంటు పోతూ ఉంటే ఎస్‌డీ కార్డు ఏదో ఒకరోజు లేవదు. వేరే ప్లగ్గు లేకపోతే కాన్ఫిగ్ మెనూలో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయండి. కార్డు చదవడానికి మాత్రమే, రాతలన్నీ ర్యామ్‌లోకి. క్యూలో మిగిలిన జాబులు కరెంటుతోపాటే పోతాయి, అది తెలిసి చేయండి. సెట్టింగులన్నీ పూర్తయ్యాకే ఆన్ చేయాలి. ముందే చేస్తే కట్టిన క్యూ తెల్లారేసరికి మాయమవుతుంది.

రూటర్ పద్ధతే మేలని నేను ఇప్పటికీ అంటా.

#29 | కాగితంపడవ | ఆదివారం ఉదయం 11:30

బోర్డుని పుస్తకాల బీరువా వెనక ప్లగ్గులో పెట్టా, అమ్మ చెయ్యి అక్కడికి అందదు. రాత్రి ప్రింటర్ ఆపి, పొద్దున వేసి చూశా. ఇరవై సెకన్లకి రోలర్లు తిరిగిన చప్పుడు వినబడింది. నాన్నగారి మింట్ నుంచి ప్రింట్ వచ్చింది. డెబియన్ నుంచీ వచ్చింది.

మా ఆవిడ ఫోన్లో మాత్రం ప్రింటర్ కనబడలేదు, నా ఫోన్లో కనబడింది. అరగంట జుట్టు పీక్కున్నాక నాని గారి పోస్టు మళ్ళీ చదివా. ఆవిడ ఫోన్ ఎప్పుడో గెస్ట్ వైఫైకి కలిపి ఉంది, అలాగే ఉండిపోయింది. మార్చగానే కనబడింది.

ఇక ఫెడోరా ఒక్కటే మిగిలింది.

#30 | సిరాచుక్క | ఆదివారం మధ్యాహ్నం 12:05

ఫెడోరాలో క్యూ ఆగిపోయిందని మొదట్లో అన్నారు. కప్స్‌లో ఆ ప్రింటర్‌కి ఎర్రర్ పాలసీ ఏముందో చూడండి. "స్టాప్ ప్రింటర్" అని ఉంటే ఒక్కసారి కనెక్షన్ తప్పగానే క్యూ మొత్తం పాజ్ అవుతుంది, మనిషి వచ్చి రెజ్యూమ్ నొక్కేదాకా కదలదు. వైఫై ప్రింటర్‌కి "రీట్రై జాబ్" పెట్టుకోవాలి.

#31 | కాగితంపడవ | ఆదివారం మధ్యాహ్నం 12:50

అవును అక్కా, స్టాప్ ప్రింటర్ అనే ఉంది. మార్చా. కొత్త క్యూ ఎందుకులే అని పాత దాన్నే మోడిఫై చేసి, అడ్రస్ బోర్డుకి, డ్రైవర్ ఎవ్రీవేర్‌కి మార్చి, రెజ్యూమ్ నొక్కా.

#32 | డెమన్‌దాసు | ఆదివారం మధ్యాహ్నం 12:52

ఆగండి, రెజ్యూమ్ నొక్కే ముందు పాత జాబులు క్యాన్సిల్ చేశారా?

#33 | కాగితంపడవ | ఆదివారం మధ్యాహ్నం 1:06

లేదు. పద్నాలుగు టెస్ట్ పేజీలు, మా ఆవిడ పోయిన వారం బయట ప్రింట్ తీయించుకున్న ముప్పై రెండు పేజీల రిపోర్టు రెండు కాపీలు. ఇరవయ్యో పేజీ దగ్గర ట్రేలో కాగితం అయిపోయింది. నాన్నగారు వచ్చి, "ఇప్పుడు బాగానే పనిచేస్తున్నట్టుందిరా" అని కొత్త కట్ట విప్పి ట్రేలో పెట్టి వెళ్ళారు.